ఘాట్ కన్నా ముందు ఆఫీసులో

కడప-రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్‌లో లారీ బోల్తా పడిందంటే ముందు వినిపించే మాట 'బ్రేకులు ఫెయిలయ్యాయి'. రెండోది 'డ్రైవరు నిద్రమత్తు'. రెండూ నిజమే కావచ్చు. అయితే బ్రేకులు ఎందుకు పట్టలేదు, డ్రైవరుకు నిద్ర ఎందుకు కరువైంది అన్న లెక్క ఆ మలుపులో దొరకదు. లారీకి లోడు కట్టి పంపిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసు పుస్తకాల్లో వెతకాలి.

డీజిల్ సంగతే తీసుకుందాం. లీటరుకు ఇన్ని కిలోమీటర్లని ముందే లెక్క కట్టి, తగ్గితే జీతంలో కోసి, మిగిలితే డ్రైవరుకు వదిలేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. దాంతో డీజిల్ మిగుల్చుకోవాలని దిగుడులో చెయ్యి న్యూట్రల్ మీదికి పోతుంది. ఇంజిను పట్టు వదిలేసిన బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. చక్రంతో తిరిగే బ్రేకు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి, దాన్ని ఒరిసి ఆపే లైనర్లకు దూరమవుతుంది, లైనర్లూ ఆ వేడికి పట్టు కోల్పోతాయి. బ్రేకులను పనిచేయించే గాలి ట్యాంకులో నిండుగానే ఉంటుంది, పెడల్ తొక్కితే బండి మాత్రం ఆగదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. పైగా ఈ కక్కుర్తిలో మిగిలేదీ ఏమీ లేదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజిన్లలో బండిని గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ అందడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిను తిరుగుతున్నంతసేపూ తాగుతూనే ఉంటుంది.

ఇక గంటలు. అనంతపురం చీనీకాయలు ఢిల్లీకి చేరాలంటే సుమారు 1,900 కిలోమీటర్లు. సగటున గంటకు 45 చొప్పున వేసుకున్నా 42 గంటల స్టీరింగు. మూడు రోజుల్లో దించాలంటే ఒక్క మనిషి రోజుకు 14 గంటలు నడపాలి. రోజుకు 8 గంటలకు మించరాదని, అయిదు గంటల పనికి కనీసం అరగంట విరామం ఇవ్వాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. కానీ అది అయిదుగురు, ఆపైన పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీల యజమానులు దాని వలలో పడనే లేదు. కాయ కుళ్లిపోతుందన్న వ్యాపారి తొందర అర్థం చేసుకోదగ్గదే. అంత తొందరైతే రెండో డ్రైవరు బత్తా కిరాయిలోనే కలపాలి.

మరమ్మతుల్లో తప్పేవి పెద్ద భాగాలు కావు. లైనరుకూ డ్రమ్ముకూ మధ్య ఎడాన్ని సరిచేసే స్లాక్ అడ్జస్టర్ ఒక్క చక్రానికి వదులైతే దాని పని మిగతా చక్రాల మీద పడి అవి ముందు కాలిపోతాయి. గాలి ట్యాంకులో నీటిని రోజూ వదలకపోతే వాల్వులు తుప్పుపడతాయి. జంట టైర్లలో లోపలిది గాలి తగ్గినా బయటికి కనబడదు. పక్క టైరు రెండింటి బరువూ మోసి, మన ఎండకు తారు రోడ్డు మీద పేలుతుంది. అందుకే పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే గేజీ పెట్టాలి. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి జరిగే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తనిఖీ వీటిని కాపాడలేదు.

అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా ఉంది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను నడిపినవారితో పాటు నడిపించినవారికీ వర్తిస్తుంది. 2018లో కేంద్రం మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు పరిమితిని 25 నుంచి 28.5 టన్నులకు పెంచింది. ఆ మేరకు పాత బండ్ల బ్రేకులు మారలేదని గుర్తుంచుకోవాలి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి, యర్రగుంట్ల నుంచి సిమెంటు, మంగంపేట ముగ్గురాయి... ఏదైనా సరే, కాటా చీటీ చూడకుండా లోడు వదిలిన యార్డును కూడా కేసులో చేర్చాలన్నది మా అభిప్రాయం.

డీజిల్ దొంగతనం పట్టుకోవడానికి చాలామంది యజమానులు జీపీఎస్ పెట్టించారు. ఏ బండి ఎన్ని గంటలు ఆగకుండా నడిచిందో, ఘాట్‌లో ఎంత వేగంతో దిగిందో అందులోనే ఉంటుంది. ప్రమాదం జరిగాక దర్యాప్తు అధికారులు ముందు అడగాల్సినవి ఆ రికార్డు, ట్రిప్పు షీటు.