పడమటి ఎండలో పోయిన బంతి

2024 నవంబరు 10, ఆదివారం, పొద్దు వాలే వేళ. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట జరుగుతోంది. రెండో క్వార్టర్‌లో డాలస్ కౌబాయ్స్ జట్టులో బంతి అందుకునే రిసీవర్ సీడీ లాంబ్ మైదానం చివరి గడి అయిన ఎండ్ జోన్‌లోకి చేరాడు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కూపర్ రష్ వేసిన బంతి కూడా అతని వైపే వచ్చింది. కానీ స్టేడియం పడమటి గోడకు బిగించిన నిలువెత్తు అద్దాల గుండా దూసుకొచ్చిన ఎండ కళ్లలో పడి అతనికి ఆ బంతి కనిపించనే లేదు. ఆరు పాయింట్ల టచ్‌డౌన్ కావలసిన చోట, బంతిని తన్ని సాధించే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్న కౌబాయ్స్, ఆ ఆటను 34-6 తేడాతో పోగొట్టుకున్నారు.

ఆట ముగిశాక లాంబ్ ఆ కిటికీలకు తెరలు కావాలని దాపరికం లేకుండానే చెప్పాడు. జట్టు యజమాని జెర్రీ జోన్స్‌ను అదే మాట అడిగితే, తెరల కోసమని స్టేడియాన్నే కూల్చి మళ్లీ కట్టమంటారా అన్న ధోరణిలో కసురుకుని, మా స్టేడియంలో సూర్యుడు ఎక్కడుంటాడో మాకు తెలియదా అని కూడా అన్నారు. తెలుసు, కాబట్టే మనకు బాధ. కచేరీలు జరిగినప్పుడు అవే కిటికీలకు తెరలు దిగుతాయి. 2009లో తెరిచిన ఆ స్టేడియం మైదానాన్ని తూర్పు పడమరలుగా పరిచారు. డాలస్ శివారు ఫ్రిస్కోలో తూర్పు ముఖం ఇల్లు దొరికేదాకా ఏడాదిపాటు అపార్ట్‌మెంట్ అద్దె కట్టుకుంటూ ఓపిక పట్టే మన తెలుగువాళ్లలో ఎవరినైనా అప్పట్లో అడిగి ఉంటే, ఉచితంగానే సలహా చెప్పి ఉండేవారు.

ఆ సీజన్‌లో కౌబాయ్స్ 17 ఆటల్లో ఏడు గెలిచి పది ఓడారు. అంతకుముందు వరుసగా మూడేళ్లు 12 గెలుపులు, 5 ఓటములతో (12-5) ముగించిన జట్టు ఇది. సొంత గడ్డ మీద ఆడిన తొమ్మిదింటిలో గెలిచినవి రెండే. ఈ పతనానికి మన వారాంతపు విందుల్లో వినిపించే సమాధానం ఒక్కటే: జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు గాయం కాకపోతే కథ వేరుగా ఉండేది. నవంబరు 3న అట్లాంటాలో అతని తొడ వెనుక కండరం ఎముక దగ్గర కొంతమేర ఊడిన మాట, ఆ తరువాత అతను ఆ ఏడాది మైదానంలోకి దిగని మాట నిజమే. అయితే ఆ రోజు అట్లాంటా చేరేనాటికే జట్టు 3-4తో ఉంది. ప్రెస్కాట్ నిక్షేపంగా ఉన్న రోజుల్లోనే, ఇంట్లో ఆడిన మొదటి ఆటలో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ తమకు బంతి దొరికిన మొదటి ఆరుసార్లూ టచ్‌డౌన్లు కొట్టి 44-19తో గెలిచి వెళ్లారు. జోన్స్ 82వ పుట్టినరోజైన అక్టోబరు 13న డెట్రాయిట్ లయన్స్ అదే మైదానంలో 47-9తో విందు చేసుకున్నారు. గాయాన్ని సాకుగా చూపడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటుంది.

నా అభిప్రాయంలో ఆ సీజన్ పోయింది సెప్టెంబరులోనో నవంబరులోనో కాదు, అంతకు ముందటి వసంతంలో. 2024 జనవరిలో గ్రీన్ బే ప్యాకర్స్ చేతిలో ఇంట్లోనే 48-32తో ఓడి ప్లేఆఫ్స్ నుంచి నిష్క్రమించాక, ఈసారి ఉన్నదంతా ఒడ్డుతామని జోన్స్ ప్రకటించారు. ఆ మాట విని, కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లు జట్లు మారే మార్చి నెల కోసం ఎదురుచూసిన వారిలో నేనూ ఉన్నాను. మార్చి వచ్చింది, వెళ్లింది. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ టోనీ పొలార్డ్ టెనెసీకి, ఏళ్లతరబడి క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమ అంచును కాచిన టైరన్ స్మిత్ న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లిపోయారు. డిఫెన్స్‌ను నడిపిన డాన్ క్విన్ వాషింగ్టన్‌కు ప్రధాన కోచ్‌గా వెళుతుంటే, సెంటర్ టైలర్ బియాడష్, డిఫెన్సివ్ ఎండ్ డొరాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ జట్టులోనే చేరారు. వెళ్లినవారి స్థానాల్లోకి పేరున్న వారెవరు వచ్చారని వెతికితే, లైన్‌బ్యాకర్ ఎరిక్ కెండ్రిక్స్‌ను మినహాయిస్తే, ఏడాది క్రితం తామే వదిలేసిన ఎజెకీల్ ఎలియట్ కనిపించాడు. అతన్ని కూడా ఆఖరి ఆటకు ముందే విడుదల చేశారు.

ఇక్కడ డెరిక్ హెన్రీ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆటలు లేని నెలల్లో డాలస్‌లోనే ఉండే ఈ రన్నింగ్ బ్యాక్ ఆ వసంతంలో ఏ జట్టుకైనా వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాడు. కౌబాయ్స్ నుంచి తనకు పిలుపే రాలేదని తరువాత అతనే చెప్పాడు. బాల్టిమోర్ రేవెన్స్ రెండేళ్లకు 16 మిలియన్ డాలర్లకు అతన్ని తీసుకున్నారు. సెప్టెంబరు 22న అతను ఆర్లింగ్టన్‌కే వచ్చి 151 గజాలు పరుగెత్తి, రెండు టచ్‌డౌన్లు కొట్టి, తన జట్టును 28-25తో గెలిపించి పోయాడు. సీజన్ ముగిసేసరికి అతని లెక్క 1,921 గజాలు. లీగులో మన చిన్న విభాగమైన డివిజన్‌లోనే ఉన్న ఈగల్స్ అదే మార్చిలో సాక్వాన్ బార్క్‌లీని తెచ్చుకున్నారు. అతను రెండు వేల గజాలు దాటాడు, ఆ జట్టు ఫిబ్రవరిలో లీగు అంతిమ పోటీ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ఆటగాళ్ల జీతాలకు లీగు పెట్టిన పరిమితి, శాలరీ క్యాప్, అన్ని జట్లకూ ఒక్కటే కాబట్టి డబ్బు లేక కొనలేదన్న మాట చెల్లదు.

పొదుపు చేశారా అంటే అదీ లేదు. లాంబ్‌తో కాంట్రాక్టు తేల్చకుండా వేసవంతా నాన్చారు. అతను శిక్షణ శిబిరానికి రాలేదు. ఈలోగా మినెసోటా జస్టిన్ జెఫర్సన్‌కు ఏటా 35 మిలియన్లు ఇచ్చి రిసీవర్ల ధరను పైకెత్తింది, చివరికి ఆగస్టు 26న లాంబ్‌కు నాలుగేళ్లకు 136 మిలియన్లు ఇవ్వక తప్పలేదు. ప్రెస్కాట్ విషయమైతే ఇంకా విడ్డూరం. క్లీవ్‌లాండ్‌లో మొదటి ఆట మొదలు కావలసిన రోజునే సంతకాలయ్యాయి, నాలుగేళ్లకు 240 మిలియన్లు. ఏటా సగటున 60 మిలియన్లు అంతవరకు ఈ లీగులో ఎవరికీ దక్కలేదు. ఈగల్స్ తమ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌తో 2023 ఏప్రిల్‌లోనే బేరం తెంచుకున్నారు. ఆలస్యం చేసినకొద్దీ ధర పెరుగుతుందని స్థలం కొనుక్కునే ప్రతి మధ్యతరగతి కుటుంబానికీ తెలిసిన సంగతి, 1989లో 140 మిలియన్లకు జట్టును కొన్న గొప్ప వ్యాపారికి తెలియదనుకోలేము.

తెలిసీ ఎందుకిలా జరుగుతుందన్న ప్రశ్నకు సమాధానం ఆయన హోదాల్లోనే ఉందని నేననుకుంటాను. జోన్స్ జట్టుకు యజమాని, అధ్యక్షుడు, జనరల్ మేనేజరు కూడా. మరో జట్టులో జనరల్ మేనేజరు ఇలాంటి వసంతం గడిపి ఉంటే యజమాని పిలిచి లెక్క అడిగేవాడు. ఇక్కడ అడగవలసినవాడూ చెప్పవలసినవాడూ ఒకే కుర్చీలో కూర్చున్నారు. అందుకే ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, దెబ్బ ఎప్పుడూ కోచ్ మీదే పడుతుంది. మైక్ మెకార్తీని కాంట్రాక్టు చివరి ఏడాదిలో, పొడిగింపు లేకుండా, ఈ అరకొర జట్టుతో ఆడించి, 2025 జనవరిలో ఆయనతో తెగతెంపులు చేసుకున్నారు. ఆయన కింద పనిచేసిన బ్రయాన్ షాటెన్‌హైమర్‌కే ఆ పదవి ఇచ్చారు. 1990లలో మూడు సూపర్ బౌల్‌లు గెలిచిన జట్టు 1996 జనవరి తరువాత మళ్లీ ఆ వేదిక ఎక్కలేదు, కనీసం దాని ముందు మెట్టైన కాన్ఫరెన్స్ ఫైనల్ వరకైనా చేరలేదు. ఈ కాలమంతటా కోచ్‌లు మారారు, క్వార్టర్‌బ్యాక్‌లు మారారు, మారని కుర్చీ ఒక్కటే.

ఆటగాళ్లను మాత్రం నేను తప్పుపట్టలేను. నాలుగు ఆటలకు దూరమైనా డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్ 12 శాక్‌లు చేశాడు, అంటే బంతి విసరకముందే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు. రన్నింగ్ బ్యాక్ రికో డౌడిల్ వెయ్యి గజాలు దాటాడు. బ్రాండన్ ఆబ్రీ 65 గజాల దూరం నుంచి ఫీల్డ్ గోల్ కొట్టాడు. డిసెంబరు 9న సిన్సినాటి బెంగాల్స్‌తో 20-20గా ఉన్నప్పుడు, రెండు నిమిషాలు కూడా మిగలని సమయంలో, కౌబాయ్స్ ఆటగాడు నిక్ విజిల్ ప్రత్యర్థి పంట్‌ను, అంటే బంతిని దూరంగా తన్నే దెబ్బను, అడ్డుకున్నాడు. స్టేడియమంతా లేచి నిలబడింది. బంతి ముందుకు దొర్లింది. ఎవరూ తాకకపోతే అది కౌబాయ్స్‌దే. ఆత్రపడిన మన అమానీ ఒరువారియే దాన్ని అందుకోబోయి జారవిడిచాడు, బెంగాల్స్ ఆటగాడొకడు దాని మీద పడ్డాడు, కాసేపటికి జమార్ చేజ్ టచ్‌డౌన్‌తో ఆట ముగిసిపోయింది. మా ఇంట్లో ప్రెస్కాట్ నాలుగో నంబరు జెర్సీ తొడుక్కుని కూర్చున్న మా అబ్బాయి ఏమీ అనకుండా లేచి వెళ్లి పడుకున్నాడు. ఆ ఆత్రాన్ని నేను క్షమించగలను, గెలవాలన్న తపన ఉన్నవాడే అలా ఎగబడతాడు.

మన బాధ్యత కూడా కొంత ఉంది. 7-10 సీజన్‌లోనూ ఆర్లింగ్టన్‌లో సగటున 90 వేలమందికి పైగా కూర్చున్నారు, లీగులో అంత జనం మరెక్కడా లేరు. ఫోర్బ్స్ అదే ఏడాది జట్టు విలువను 10.1 బిలియన్ డాలర్లుగా కట్టింది. ఓడినా నిండే స్టేడియానికి తెరలు ఎందుకు కడతారు? ఈ జట్టుతో మన తెలుగువారి అనుబంధం చిన్నది కాదు. ఇర్వింగ్‌లో మనవాళ్లు బారులు తీరి ఉంటున్న వ్యాలీ రాంచ్ 1985 నుంచి 2016 దాకా ఆ జట్టు కార్యాలయం ఉన్న చోటు, అక్కడి కౌబాయ్స్ పార్క్‌వే మీదుగానే ఎందరో పిల్లలను బడికి దింపుతారు. ఆ తరువాత జట్టు ఫ్రిస్కోకు మారింది, మనమూ మారాం. పిల్లవాడు ఏ జట్టును ప్రేమించాలో ఇంటి అడ్రసే తేల్చేసిన తరం ఇది. అలాంటి కుటుంబాలు నలుగురికి టికెట్లు, పార్కింగు కలిపి ఒక పూటకు వందల డాలర్లు పోసే ముందు, వసంతంలో యజమాని ఏం చేశాడో కూడా చూసుకుంటే బాగుంటుంది. నేనైతే 2025లో కొనలేదు.

2025 ఆగస్టులో కూడా పార్సన్స్ కాంట్రాక్టును ఎప్పటిలాగే నాన్చారు. లాంబ్‌కు, ప్రెస్కాట్‌కు ఆఖరి రోజుల్లోనైనా సంతకం దొరికింది, పార్సన్స్‌కు అదీ లేదు. 28వ తేదీన అతన్ని కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాలకూ, కెన్నీ క్లార్క్ అనే డిఫెన్సివ్ టాకిల్‌కూ బదులుగా గ్రీన్ బేకు పంపేశారు. ఆ జట్టు అతనికి నాలుగేళ్లకు 188 మిలియన్లు ఇచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 28న, పార్సన్స్ ప్యాకర్స్ ఆటగాడిగా ఆర్లింగ్టన్‌లో అడుగుపెట్టాడు. ఓవర్‌టైమ్ ముగిసేసరికి స్కోరు 40-40, ఎవరూ గెలవలేదు. ఆ రాత్రి కూడా స్టేడియం నిండింది.