ప్రస్తుతం చదువుతున్నాను, గమనించగలరు

నవల చదవడం తెలుగువాళ్లకి ఒకప్పుడు వ్యసనం. ఇంట్లో పెద్దలు తిట్టేవారు. కాలక్రమంలో అది బాధ్యతగా మారింది. బాధ్యత అన్నాక నిర్వర్తించినట్టు నలుగురికీ తెలియాలి కదా. అందుకని కొన్న నవలకి ముందు ఫొటో తీస్తున్నాం, తీరిక దొరికితే తర్వాత తెరుస్తున్నాం.

ఫొటోకి ఒక శాస్త్రం ఉంది. పక్కన ఫిల్టర్ కాఫీ ఉండాలి, ఇంట్లో అందరూ టీ తాగేవాళ్లే అయినా సరే. కళ్లజోడు తీసి పేజీ మీద పెట్టాలి. కళ్లజోడు పేజీ మీదుంటే మరి చదివేదెలా అని అడిగేవాడు సాహిత్య ద్రోహి. వెనక కిటికీ, కిటికీలో వాన. ఇక్కడే చిన్న చిక్కు వస్తోంది. హైదరాబాద్ బుక్ ఫెయిర్ జరిగేది డిసెంబరులో, విజయవాడలో పుస్తకాల పండగ జనవరిలో. అప్పుడు వాన ఎక్కణ్ణుంచి వస్తుంది? దూరదృష్టి గలవాళ్లు పుస్తకాన్ని కవరు కూడా విప్పకుండా జూలై దాకా భద్రంగా ఉంచుతున్నారు. అమెరికా వెళ్లేవాళ్ల ఇబ్బంది వేరు. 23 కిలోల సూట్‌కేసులో నవలకీ ఆవకాయకీ పోటీ పెడితే ఏది నెగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఆవకాయ విమానమెక్కుతుంది, నవల ఫొటో ఫోనులో వెళుతుంది.

ఏ నవల చదువుతున్నామని చెప్పాలన్నది అసలు విషయం. ఇందులో ‘వేయిపడగలు’కి సాటి లేదు. దాదాపు వెయ్యి పేజీలు, చేతిలో పట్టుకుంటేనే గౌరవం వచ్చేస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ గారు 1934లో తాను చెబుతూ తమ్ముడి చేత రాయించి, 29 రోజుల్లో ముగించారని ప్రతీతి. అంటే నవల రాయడం కన్నా చదవడమే కష్టమని మన పాఠకలోకం ఏళ్ల తరబడి శ్రమించి రుజువు చేసిందన్నమాట. నేనెరిగిన ఒక పెద్దమనిషి ఉన్నారు. ఎప్పుడు కలిసినా ‘వేయిపడగలు’ చదువుతున్నానంటారు. “ఎక్కడి దాకా వచ్చారండీ?” అని ఒకసారి అడిగాను. “సుబ్బన్నపేట దాకా వచ్చాను” అన్నారు గంభీరంగా. కథ మొదలయ్యేదే సుబ్బన్నపేటలో. నేనేమీ అనలేదు. ఎక్కడి దాకా వచ్చారని అడగడమే మర్యాద కాదు, ఆపైన జవాబు సరిచూడటం మరీ అన్యాయం.

రెండో స్థానం ‘అంపశయ్య’ది. 1969లో వచ్చింది, రాసిన నవీన్ గారికి ఇంటిపేరే అయిపోయింది. యూనివర్సిటీలో చదువుకునే రవి అనే కుర్రాడి జీవితంలో ఒకే ఒక్క రోజు కథ. ఆ ఒక్క రోజునీ మూడు వేసవి సెలవుల నుంచి చదువుతున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల లెక్కలో రవికి ఇంకా తెల్లవారలేదు.

చెప్పకూడని నవలలు వేరే ఉన్నాయి. మధుబాబు గారి గూఢచారి షాడో, యద్దనపూడి వారి ఆరడుగుల హీరో, యండమూరి మార్కు క్షుద్రశక్తులు. వీటికి కాఫీ ఉండదు, వాన ఉండదు, ఫొటో అసలే ఉండదు. ఉండేదల్లా చదవడం ఒక్కటే. పైన చెప్పిన పెద్దమనిషి భార్య మా ఇంటావిడతో వాపోయారట: “ఏం చెప్పను వదినా, రాత్రి రెండైనా లైటు తియ్యరు. పొద్దున దుప్పటి దులిపితే దిండు కింద షాడో!” పాపం, మనిషి నిజంగా ఇష్టపడి చదివేది లోకానికి చెప్పుకోలేడు. చెప్పుకునేదాన్ని ఇష్టపడలేడు. ఈ రెండింటి మధ్య కొట్టుమిట్టాడేవాణ్ణే ప్రస్తుతం మనం సాహిత్యాభిమాని అంటున్నాం.

పాతకాలంలో ఈ ప్రకటనల అవసరం లేదు. ఎవరేం చదువుతున్నారో వీధివీధంతా తెలిసేది. వారపత్రిక వచ్చిన రోజు ఏ ఇంట్లోంచి అన్నం మాడిన వాసన వస్తే, ఆ ఇంటావిడ సీరియల్లో మంచి పట్టు మీదుందని లెక్క. సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసలో పెట్టి, దబ్బనంతో కుట్టి, మైదాపిండి ఉడికించి అట్ట అంటించేవారు. మా మేనత్త దగ్గర అలాంటి బైండు ఒకటి ఇప్పటికీ ఉంది. హీరోయిన్ ఏడుస్తూ ఉత్తరం విప్పిన చోట పేజీ తిప్పితే పళ్లపొడి ప్రకటన వస్తుంది. ఇంకోచోట గోంగూర పచ్చడి చేసే విధానం, అదీ సగమే. తాలింపు పెట్టే సంగతి రెండో సగంలో ఉండి పోయింది. అన్నిటికన్నా ఘోరం, ఆఖరి వారం లేదు. ఆ కాగితాల్లో ఎవరో వేయించిన పల్లీలు పొట్లం కట్టేశారు. హీరోయిన్ బావని చేసుకుందా, డాక్టర్ని చేసుకుందా అన్న దానిపై మా బంధువర్గం నేటికీ రెండుగా చీలి ఉంది. పెళ్లిళ్లలో బంతి కూడా విడివిడిగానే.

అద్దె పుస్తకాల షాపు సంగతి సరేసరి. డిటెక్టివ్ నవల తెచ్చుకుని మొదటి పేజీ తిప్పగానే పెన్సిల్‌తో ‘హంతకుడు మేనేజరే’ అని ఉండేది. దాని కింద నీలం ఇంకుతో ‘కాదు, తమ్ముడు’. ఆ కింద ఇంకెవరో ఎర్ర ఇంకుతో ‘ఇద్దరూ తప్పు. చివరంటా చదివి రాయండి’. కాస్త లోతుగా ఆలోచిస్తే, ఆ మూడో మనిషి అడిగినంత మాట ఈనాడు ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. ‘అద్భుతం, నేను కూడా చదవాలి’ అంటున్నాం. చదవాలి అనడంతో మన వంతు తీరిపోతోంది.

పరిస్థితి చక్కబడాలంటే ఒక్కటే మార్గం కనిపిస్తోంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన ‘మాలపల్లి’ 1922లో వస్తే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నిషేధం ఉన్నన్నాళ్లూ నేనిది చదువుతున్నానహో అని ఎవరూ చాటింపు వేసుకుని ఉండరు. వేసుకుంటే పోలీసులు వస్తారు. పుస్తకం చేతిలో ఉన్నా నోరు మూసుకుని చదువుకోవాల్సిందే. పాఠకుణ్ణి ఇంత క్రమశిక్షణలో పెట్టిన పథకం ఆ తర్వాత మరొకటి రాలేదు.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ నా విన్నపం: గొప్పవని పేరుపడ్డ నవలలన్నిటినీ తక్షణం నిషేధించాలి. బుక్ ఫెయిర్‌లో స్టాలు వెనక, నల్ల కవర్లో చుట్టి, ఇటూ అటూ చూసి అమ్మాలి. కొన్నవాడు ఇంటికెళ్లి బియ్యం డబ్బాలో దాచుకోవాలి. ఫొటో తీస్తే అది సాక్ష్యం కింద లెక్క. అయితే అమాయకులు ఇరుక్కోకుండా చట్టంలోనే ఒక వెసులుబాటు పెట్టాలి. సోదాలో దొరికిన నవల పదో పేజీ దాటాక కొత్తగా పెళపెళలాడుతుంటే, ముద్దాయి చదవలేదని తేల్చి అక్కడికక్కడే వదిలేయాలి. ఈ ఒక్క సెక్షన్ చాలు, అరెస్టయ్యేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. కొత్తగా జైళ్లు కట్టే ఖర్చు కూడా పడదని ఆర్థిక శాఖ వారికి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.