అగ్రిమెంటు లేని అద్దెదారు

సత్యనారాయణపురంలో రెండు గదుల వాటా అద్దెకు కావాలంటే ఓనరుగారు ఏమేం అడుగుతారో బెజవాడలో అందరికీ తెలుసు. ఎంతమంది ఉంటారు? చుట్టాలు తరచూ వస్తారా? నాన్‌వెజ్ వండుతారా? గోడలకు మేకులు కొడతారా? ఇన్ని ఆరాలు తీసే పెద్దమనుషులే, హాల్లోని రీఫ్ ట్యాంకులోకి, అంటే కోరల్స్ (పగడాలు), చేపలు పెంచే ఉప్పునీళ్ల అద్దాల తొట్టిలోకి, సీ ఎనిమోన్ అనే సముద్ర జీవిని మాత్రం రంగు చూసి దించేస్తున్నారు. ఊరూ పేరూ కూడా అడగడం లేదు. శాంతిభద్రతల దృష్ట్యా ఈ ధోరణిని ఖండించక తప్పదు.

షాపులో ‘క్లౌన్ ఫిష్ కూర్చునే పువ్వండీ’ అంటారు. పువ్వు కాదు, జంతువు. మెదడు లేదు, నోరు ఉంది. తినడానికీ విసర్జించడానికీ ఆ నోరు ఒక్కటే. (అలాంటివాళ్లు మనకు కొత్త కాదు, అది వేరే సంగతి.) సముద్రంలో వెయ్యికి పైగా రకాలుంటే క్లౌన్ ఫిష్‌ని తమలో ఉండనిచ్చేవి 10 మాత్రమే. కాబట్టి ఆరా తీయాల్సిందే.

నోటి చుట్టూ వేళ్లలా ఉండే టెంటకిల్స్ కొసలు ఉబ్బి ఉంటే బబుల్ టిప్ రకం. ఉన్నవాటిలో కాస్త సర్దుకుపోయే రకం ఇదే. ఒక్కోసారి ఆ బుడగలు పోయి టెంటకిల్స్ పొడుగ్గా సాగుతాయి. అప్పుడు పాదం ఎక్కడ పెట్టిందో చూడాలి, రాతి పగుల్లో దూర్చి ఉంటే దాదాపు అదే. పాదం ఇసుకలో దింపి, పొట్టి టెంటకిల్స్‌తో పళ్లెంలా పరుచుకున్నది కార్పెట్. అడుగున్నర దాటి పెరుగుతుంది. ఇక నాన్‌వెజ్ సంగతంటారా, పక్కనుంచి వెళ్లే మీ చేపనే పట్టుకుని మింగుతుంది. తెల్లగా మెరిసిపోయేదాన్ని ‘రేర్ పీస్ సార్’ అని రేటు పెంచి చెబితే సంబరపడొద్దు. ఒంట్లో ఉండి తిండి పెట్టే ఆల్గేని (సూక్ష్మమైన నాచుని) పోగొట్టుకున్న రోగి అది. నోరు తెరిచి వేలాడేస్తున్నా, పాదం చిరిగి ఉన్నా కవరు కట్టించుకోకుండా బయటికి నడవండి.

కొత్త ట్యాంకులో దీన్ని దించకూడదు, కనీసం ఆరు నెలలు నీళ్లు కుదురుకోవాలి. ఇది మన బంధువర్గంలో ఎవరూ వినని సలహా.

దించాక మీరు చూపించిన రాయి మీద ఉంటుందనుకోవడం అమాయకత్వం. వెలుగో నీటి వేగమో నచ్చకపోతే రాత్రికి రాత్రి నడిచి వెనక అద్దానికి అతుక్కుంటుంది. దారిలో తగిలిన కోరల్‌ని కుట్టి మరీ వెళుతుంది. నీళ్లు కదిలించే వేవ్‌మేకర్ మోటారుకి జాలీ లేక అందులో పడితే తెల్లారేసరికి ట్యాంకంతా ముక్కలు, మీగడ తేలినట్టు నీళ్లు, గదంతా కుళ్లు కంపు. వెంటనే తీసేయకపోతే మిగతా చేపలూ పోతాయి.

అసలు పరీక్ష మే నెలలో. బయట 45 డిగ్రీలు, ట్యాంకులో మాత్రం 25, 26 దాటకూడదు. కరెంటు పోతే ఇన్వర్టరు దేనికి? మామ్మగారి ఫ్యానుకా, వేవ్‌మేకర్‌కా? ఈ ప్రశ్నకు చాలా ఇళ్లలో జవాబు వచ్చేసింది. విసనకర్ర ఎవరి చేతిలో ఉందో చూస్తే తెలుస్తుంది. ఎండకు నీళ్లు ఇగిరితే ఉప్పు అక్కడే ఉండిపోతుంది, అందుకని పైన ఒట్టి ఆర్వో నీళ్లే పొయ్యాలి. ‘సముద్రం తగ్గింది కదా’ అని మళ్లీ ఉప్పునీళ్లు కలిపే ఉదారులున్నారు. ఉప్పునీటి సాంద్రత లెక్క 1.025 దగ్గర ఉండాల్సింది, వారం తిరక్కుండా ఊరగాయ కొలతకు చేరుతుంది.

మన అగ్రిమెంట్లు 11 నెలలకు రాసుకుంటాం. 1828లో స్కాట్లండ్ తీరాన జాన్ డాలియెల్ అనే ఆయన ఒక ఎనిమోన్‌ని పట్టుకొచ్చి గాజు సీసాలో పెట్టాడు. ఆయన 1851లో పోయాడు. అద్దెదారు మాత్రం ఒకరి తర్వాత ఒకరి చేతులు మారుతూ 1887 దాకా ఉంది. పోయినప్పుడు పత్రికలో సంతాప వార్త కూడా వేశారు. ఓనర్లు గమనించగలరు.

డబ్బు పోసి తెచ్చింది ఇన్ని గొంతెమ్మ కోర్కెలు కోరుతుంటే, పిలవకుండా లైవ్ రాక్‌తో (సముద్ర జీవులు అంటుకుని ఉన్న రాయితో) వచ్చిన ఐప్టేసియా అనే గోధుమరంగు బుల్లి ఎనిమోన్‌కి ఏ సదుపాయమూ అక్కర్లేదు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకపోయినా సరే, నీళ్లు మార్చకపోయినా సరే. కోసేస్తే ముక్క ముక్కా మొలుస్తుంది. దాన్ని తినేసి ఖాళీ చేయిస్తుందని పెప్పర్‌మింట్ రొయ్యను తెస్తారు. రొయ్యలు కిలోల లెక్కన కొనే ఊళ్లో, ఒక్క రొయ్యను కవర్లో ఆక్సిజన్ పట్టించి ఆటోలో ఒళ్లో పెట్టుకుని మరీ తెస్తారు. అది వచ్చి, మనం చేపలకు వేసే గుళికలు రుచి చూసి, ఐప్టేసియా వైపు వీపు పెట్టి కూర్చుంటుంది.