నెబ్యులా ఫ్లెక్సీ గారికి

పన్నెండడుగుల వెడల్పు గల మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

నిన్న మధ్యాహ్నం ‘కళ–విజ్ఞాన సంగమం’ అంటూ మిమ్మల్ని వేదిక వెనక కట్టారు. మూడింటి సభ నాలుగున్నరకి మొదలైంది. శాలువాలకి గంట, బొమ్మలేసే మనిషికి మూడు నిమిషాలు. అదంతా మామూలే లెండి. నా గొడవంతా మీ కుడివైపు పైమూలతో.

మీ ఒంటి మీదున్నది 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన, ఈగల్ నెబ్యులా అనే వాయువు, ధూళి మబ్బులోని స్తంభాలు. అసలు బొమ్మలో ఆ మూల నల్లగా, మెట్లు మెట్లుగా ఉంటుంది. అప్పటి కెమెరాకి నాలుగు చిప్పులు, ఒక్కోదానికి అటు 800, ఇటు 800 పిక్సెళ్లు. అందులో ఒకటి మిగతావాటికన్నా దగ్గరగా చూసేది. దాని ముక్కని తక్కిన మూడింటి కొలతకి కుదిస్తే చిన్నదైపోయి, పక్కన ఖాళీ మిగిలింది. బొమ్మ కూర్చిన జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ ఆ ఖాళీని అలాగే ఉంచేశారు.

మీ డిజైనర్ బాబు మాత్రం అక్కడ ముఖ్య అతిథి గారిని దండం పెడుతూ దింపాడు. ఎడమ స్తంభం ఎత్తు సుమారు 4 కాంతి సంవత్సరాలు. ఆ లెక్కన సారు మీసమే రెండు మూడు కాంతి నెలలుంటుంది. సరే, పోనీ. భుజం పక్కన మిగిలిన నలుపులోకి పక్క చుక్కల్నే తెచ్చి అద్దాడండీ! అవే మూడు చుక్కలు, అయిదుసార్లు! హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో గాజు పలకల మీద చుక్కల్ని ఒక్కొక్కటే కొలిచి లక్షల్లో పట్టిక వేసిన ఊరిది. ఈ ఊళ్లోనా చుక్కలకి కాపీ పేస్టు?

పైగా మైకులో “ఈ రంగులన్నీ ఊహే” అన్నారు. వెనక నువ్వు ఫ్యాను గాలికి తలూపావు. ఊహ కాదు, నీ మొహం! ఆ కెమెరా తీసేది నలుపు తెలుపులే. గంధకం వెలుగుకి 673 నానోమీటర్లు, హైడ్రోజన్‌కి 656, ఆక్సిజన్‌కి 502. దేని ఫిల్టరు దానిదే. పొడుగు అలకి ఎరుపు, నడిమిదానికి ఆకుపచ్చ, పొట్టిదానికి నీలం ఇచ్చారు. కంటికైతే గంధకమూ ఎరుపే, హైడ్రోజనూ ఎరుపే. విడదీయకపోతే ఏది ఎక్కడుందో తెలిసి చావదు. చేర్యాల పటం వెనక నకాషీలు ఎరుపు పూస్తే ఆకాశం ఎర్రగా ఉందనుకుంటామా?

సంగమం అంటే, 1979లో ఫ్రెంచి శాస్త్రవేత్త లుమినే చేసింది. కంప్యూటరిచ్చిన అంకెలు ముందు పెట్టుకుని, వెలుగెక్కువ ఉన్నచోట ఇంకు చుక్కలు ఒత్తుగా, తక్కువ ఉన్నచోట పలచగా చేత్తో పెట్టి, దాన్ని నెగెటివ్‌గా తిప్పి కృష్ణబిలం చూపించాడు. ఆయనవీ చుక్కలే. నీ మీదున్నవీ చుక్కలే.

ఇక పక్కపక్క రెండు చిప్పుల 1600 పిక్సెళ్లని పన్నెండడుగులకి సాగదీస్తే ఇంచికి పదకొండు పడతాయి. స్తంభాలు గోంగూర పచ్చడయ్యాయి. దాని గురించి ఏమీ అనను.

రేపటికి నువ్వు ఏ మిర్చి బజ్జీల బండికో కప్పువి. ఎంత వానొచ్చినా చుక్క దిగనివ్వవు, ఆ గుణం ఒప్పుకోవాలి. కట్టేవాళ్లకి చెప్పు, సారు ఉన్న మూలని లోపలికి మడవమని.

ఇట్లు,
మూడో వరస, చివరి కుర్చీ