సిమ్ ఇక్కడ, మనిషి అక్కడ

డాలస్‌లో వేసవి మధ్యాహ్నం రెండున్నర అయితే గుంటూరులో రాత్రి ఒంటిగంట. అక్కడ కొడుకు తన ఇండియా బ్యాంకు అకౌంట్‌లోకి లాగిన్ అవబోతే ఇక్కడ నాన్న ఫోన్ మోగుతుంది. వెళ్లేటప్పుడు తన పాత సిమ్‌ను నాన్న ఫోన్‌లో రెండో స్లాట్‌లో వేసి వెళ్లాడు మరి. ఆయన లేచి, లైటు వేసి, కళ్లజోడు వెతుక్కుని, మెసేజ్ తెరిచి "నాలుగు, సున్నా, ఏడు... ఏడా ఒకటా?" అని కూడబలుక్కునేసరికి గడువు అయిపోతుంది. మళ్లీ పంపించుకోవాలి. ఆ మెసేజ్‌లోనే ఇంకో మాట కూడా ఉంటుంది: ఈ ఓటీపీని ఎవరికీ చెప్పొద్దు. చదివి చెప్పే నాన్నకూ, విని టైపు చేసుకునే కొడుక్కీ ఆ మాట తెలుసు. పాటిస్తే పని జరగదు.

ఇందులో ఆ ఇంటివాళ్ల నిర్లక్ష్యం ఏమీ లేదు. బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను, పెన్షన్ అన్నింటినీ తెచ్చి వేలి గోరంత సిమ్‌కు కట్టేశాం. ఆ సిమ్ ఉన్నచోటే మనిషీ ఉంటాడని లెక్క వేసుకున్నాం. ఇంటికొకరు విదేశాల్లో ఉన్న ఊళ్లు మనకు బోలెడు. అక్కడ ఈ లెక్క రోజూ తప్పుతోంది. పైగా దీనివల్ల ఓ చెడ్డ అలవాటు కూడా పడుతోంది. అర్ధరాత్రి ఫోన్ వస్తే లేచి అంకెలు చదవడం ఇంట్లో పెద్దవాళ్లకు మామూలు పనైపోయింది. సైబర్ దొంగకు అంతకన్నా ఏం కావాలి? ముందే తర్ఫీదు పొందిన ఇల్లు దొరికినట్టే.

కూతురి పురుటికని ఆరు నెలలు అమెరికా వెళ్లే తల్లిదండ్రుల ఇబ్బంది ఇంకోరకం. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరును వరసగా 90 రోజులు వాడకపోతే ఆపేయొచ్చు. బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. ఆ తర్వాత కొన్నాళ్లకు అదే నంబరు ఇంకెవరికో వెళ్తుంది. పెన్షన్ అకౌంట్ ఓటీపీలు ఊరూపేరూ తెలియని మనిషి ఫోన్‌కు పోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సిమ్ పోతే డూప్లికేట్ తీసుకోవడానికి ఐడీ కార్డు పట్టుకుని ఇక్కడి షాపుకు రావాలి. కొత్త సిమ్ వచ్చాక కూడా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మోసాలు ఆపడానికి పెట్టిన ఆ జాగ్రత్త మంచిదే. కానీ న్యూజెర్సీలో ఉన్న అమ్మమ్మ ఆ షాపు దాకా ఎలా వస్తుంది?

దీనికి కొంత విరుగుడు ఉంది. డేటా అక్కర్లేనివాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. ప్రత్యేక ప్యాక్‌ల గడువును 90 నుంచి 365 రోజుల దాకా పెంచుకోవచ్చనీ చెప్పింది. విమానం ఎక్కే ముందు అలాంటిది ఒకటి వేయించుకుని, రోమింగ్ ఆన్ చేయించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. రోమింగ్ అనగానే వేలల్లో బిల్లు వస్తుందని భయపడతారుగానీ, వచ్చే ఎస్సెమ్మెస్‌కు చాలా ప్లాన్లలో డబ్బు పడదు. కాల్ ఎత్తితేనో, డేటా వాడితేనో పడుతుంది. ఇంకో సంగతి: అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ మూసేశాయి. ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్‌లో సిమ్ వేసి తీసుకెళ్తే అక్కడ సిగ్నల్ రాకపోవచ్చు. అక్కడ అమ్మే ఐఫోన్లకు 14వ మోడల్ నుంచి సిమ్ పెట్టే స్లాటే లేదు. చదువుకు వెళ్లే పిల్లలు ఇండియా నంబరును ఈ-సిమ్‌గా, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌గా, ఇక్కడున్నప్పుడే మార్చుకోవడం నయం.

ఈమెయిల్ అకౌంట్ల సంగతి వేరు. కొత్త దేశం, కొత్త ఫోన్ కనబడగానే అనుమానించి "నువ్వేనా?" అని అడగడం వాటి పద్ధతి. అక్కడ ఎస్సెమ్మెస్ మీద ఆధారపడాల్సిన పనే లేదు. అథెంటికేటర్ యాప్ ప్రతి 30 సెకన్లకూ ఇచ్చే ఆరంకెల కోడ్ ఎక్కడినుంచో రాదు. ఫోన్‌లో ముందే దాచిన రహస్య సంఖ్యనూ, అప్పటి సమయాన్నీ కలిపి ఫోనే లెక్క కడుతుంది. ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా కోడ్ వస్తుంది. గడియారం మాత్రం సరిగ్గా ఉండాలి. ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి గూగుల్ ఒక్కోసారికి పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటీ ఒకసారే పనిచేస్తుంది. ఆ కాగితాన్ని ప్రింట్ తీసి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆవకాయ సీసా మూతకు టేపు చుట్టేటప్పుడు చూపించే శ్రద్ధలో పావు వంతు ఇటు పెట్టమని మా మనవి.

అయితే జాగ్రత్తలన్నీ ప్రయాణికుడి నెత్తినే రుద్దడం న్యాయం కాదు. ఎస్సెమ్మెస్ ఓటీపీ గట్టి కాపలా కాదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లోనే ముసాయిదాలో హెచ్చరించింది. సింగపూర్ బ్యాంకులు డిజిటల్ టోకెన్ (ఫోన్‌లోని బ్యాంకు యాప్‌తోనే లాగిన్‌ను ఆమోదించే ఏర్పాటు) ఉన్నవారికి లాగిన్ ఓటీపీలను ఆపేస్తామని 2024 జూలైలో ప్రకటించాయి. మన రిజర్వు బ్యాంకు కూడా 2025 సెప్టెంబరులో కొత్త నిబంధనలు ఇచ్చింది. రెండంచెల తనిఖీ తప్పదు గానీ అది ఎస్సెమ్మెస్సే కానక్కర్లేదని అందులో ఉంది. అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. మంచి నిర్ణయం. కానీ ఓటీపీని రద్దు చేయమని అందులో లేదు కాబట్టి, ఏమీ మార్చకుండా కూర్చునే వీలు బ్యాంకులకు ఉంది.

అంతలోనే టెలికం శాఖ ఇంకో దారి పట్టింది. ఏ నంబరుతో అకౌంట్ తెరిచారో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే వాట్సాప్ వంటి యాప్‌లు నడిచేలా చూడాలని 2025 నవంబరు 28న ఆదేశం ఇచ్చింది. పోలీసులమని ఫోన్‌లో బెదిరించి డిజిటల్ అరెస్టు పేరుతో చేస్తున్న దోపిడీ చూస్తే ఆ ఆలోచన ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. కానీ ఒక సంస్థ సిమ్ ముడి వదులు చేస్తుంటే ఇంకో సంస్థ బిగిస్తోంది. పరాయి దేశంలో సిమ్ తీసి పక్కన పెట్టి, వైఫై మీద మనవరాలిని చూసుకునేవాళ్ల గురించి ఆ ఆదేశం రాసినవాళ్లు ఎంత ఆలోచించారన్నది మా సందేహం.

అందరికన్నా తక్కువ దారులున్నది గల్ఫ్ కూలీలకు. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పది దేశాలకు అనుమతి ఇచ్చింది. అమెరికా, బ్రిటన్, సింగపూర్‌లతో పాటు సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్ అందులో ఉన్నాయి. కడప జిల్లా నుంచీ, కోనసీమ నుంచీ ఇళ్లలో పనికి వేలమంది ఆడవాళ్లు వెళ్లే కువైట్ ఆ పదింటిలో లేదు. ఆధార్‌దీ అదే కథ, విదేశీ నంబరుకు దాని ఎస్సెమ్మెస్ రాదు. ఇంటికి పంపిన డబ్బు అకౌంట్‌లో పడిందో లేదో చూసుకోవడానికి ఆమె కూడా ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి ఓటీపీ చదవమనాల్సిందే. ఆ తమ్ముడు నిజం చెబుతాడన్న నమ్మకమే ఆమెకున్న పాస్‌వర్డ్.

బ్యాంకులు చేయాల్సింది పెద్ద సాంకేతిక విప్లవమేమీ కాదు. విదేశాల్లో ఉండే ప్రతి ఖాతాదారుకూ, ఏ దేశమని చూడకుండా, ఫోన్‌లోని యాప్‌తోనే లాగిన్‌ను ఆమోదించుకునే వీలు ఇవ్వాలి. దాన్ని బ్రాంచిలో కూర్చోబెట్టి, తెలుగులో చెప్పి, ఆ ఫోన్‌లోనే సెట్ చేసి పంపాలి. టికెట్ కొన్నాక కాదు, వీసా చేతికి రాగానే. ఏజెంట్ ఇచ్చిన తేదీకి నాలుగు రోజుల ముందు కువైట్ వెళ్లే ఆమెకు బ్యాంకుకు వెళ్లే తీరిక దొరకదు.