అమ్మకు కళ్లు తిరిగిన ఇల్లు

కోకాపేటలో ఫ్లాటు చూద్దామని అమ్మను తీసుకువెళ్లాను. భవనం ఇంకా పునాదుల్లోనే ఉంది. ఆఫీసులో కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి, ఇంకా కట్టని ఇంటిని కళ్ల ముందు త్రీడీ బొమ్మగా చూపించే బరువైన వీఆర్ పరికరం తలకు తగిలించారు. "వంటగదిలోకి నడవండమ్మా" అన్నారు. రెండు నిమిషాల్లో అమ్మకు చెమటలు పట్టాయి, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. తల తిప్పాక బొమ్మ కదలడం కాస్త ఆలస్యమైనా కడుపులో తిప్పుతుంది. అరవై దాటిన మనిషికి ఆ సంగతి ముందే చెప్పవద్దా?

పోనీ ఇంట్లో ఫోనులో చూద్దామంటే అదే ఇంటిని చూపే వాళ్ల వెబ్‌సైటులోని త్రీడీ పేజీ ఎంతకీ తెరుచుకోదు, ఫోను మాత్రం వేడెక్కిపోతుంది. ఒళ్లు మండిపోయింది. వెబ్‌లో త్రీడీ లోకాల కోసం వీఆర్ఎంఎల్ అనే కంప్యూటర్ భాష వచ్చింది 1994లో. జనం బొమ్మల రూపంలో తిరిగే సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకం 2003లో. అలాంటిదే లైవ్లీ అని గూగుల్ 2008 జూలైలో తెచ్చి, అదే డిసెంబరులో మూసేసింది. ఇలాంటి త్రీడీ లోకాల మీద ఆశతోనే 2021లో ఫేస్‌బుక్ కంపెనీ పేరే మెటా అయింది. ఇన్నేళ్ల తరువాత కూడా మామూలు ఫోనున్నవాళ్లు గడప బయటే నిలబడాలా?

అమ్మ అడిగింది ఒక్కటే, వంటగదిలోకి పొద్దుటి ఎండ వస్తుందా అని. ఆ బొమ్మ ఇంట్లో అన్ని గదుల్లోనూ ఒకటే వెలుగు. "తూర్పు ఎటు బాబూ?" అంటే, అక్కడున్న అబ్బాయి గోడ రంగు మార్చి చూపించాడు.