గొంతు పట్టేసిన ఫోను

2001లో విజయవాడలో మా ఇంట్లో కంప్యూటర్లు రెండు, టెలిఫోన్ లైను ఒకటే. అప్పట్లో నెట్ వచ్చేది ఆ ఫోను లైను మీదే, అదీ నా కంప్యూటర్‌కే. నెట్ కావాలంటే తమ్ముడు నా గదికొచ్చి, "అన్నయ్యా, కాస్త కనెక్ట్ చెయ్యవా" అని అడగాలి. ఆ మర్యాద బాగానే ఉండేది కానీ, రోజుకు పదిసార్లంటే విసుగు.

ఓ ఆదివారం రెండింటినీ కేబుల్‌తో కలిపి, విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో నెట్ షేరింగ్ పెట్టాను. నా కంప్యూటర్‌కు 192.168.0.1 అని దర్జాగా చిరునామా నంబరొచ్చింది. ఇక తమ్ముడు తన గదిలో బ్రౌజర్ తెరిస్తే చాలు, నా మోడెమ్, అంటే ఫోను చేసి నెట్‌కు కలిపే పరికరం, తనంతట తానే డయల్ చేస్తుంది. పేరుకు సెకనుకు 56 కిలోబిట్ల మోడెమ్, కలిసేది మాత్రం 44 దగ్గరే. అయినా ఎక్స్‌ఛేంజీ కట్టినంత గర్వం నాకు.

ఎవరూ వాడనప్పుడు లైను వదిలెయ్యమనే చోట టిక్కు పెట్టలేదు. పైగా మోడెమ్‌ను పల్స్ డయలింగ్‌లో, అంటే లైనును టకటకా తెంపి కలుపుతూ అంకెలు పంపే పాత పద్ధతిలో, ఉంచేశాను. అలా డయల్ చేస్తే ఒక్కో అంకెకూ అదే లైనుకు తగిలించిన హాల్లోని పారలల్ ఫోను 'టింగ్ టింగ్' మంటుందని నాకేం తెలుసు?

తమ్ముడు కంప్యూటర్ ఆపకుండా పడుకున్నాడు. అది ఊరుకుంటుందా? "ఫలానా పేరుగల కంప్యూటర్ ఎక్కడుంది?" అని ఉండుండి కేకేస్తుంది. ఇంట్లో ఎవరూ పలక్కపోతే, లోకంలో వెతుకుదామని నాది ఫోను చేస్తుంది.

రాత్రి రెండింటికి టింగ్. అమ్మ లేచి ఎత్తింది. అవతల గరగర, ఆపైన కీచుమని అరుపు. ఠక్కున పెట్టేసింది. అమ్మ ఎత్తడంతో లైను తెగింది. తెగిందని మోడెమ్ మళ్లీ చేసింది. మోగిందని అమ్మ మళ్లీ ఎత్తింది. ఇలా నాలుగుసార్లు.

"ఏవండీ, గొంతు పట్టేసినవాళ్లెవరో చేస్తున్నారు. మా అన్నయ్యేమో!"

"ఎవరైతేనేం, బిల్లు వాళ్లదేగా. పడుకో" అన్నారు నాన్న. మూడు నిమిషాలకో కాల్ చొప్పున మీటరు తిరుగుతున్నది మాకే.

పొద్దున ఈ కథ విని నేనూ హాయిగా నవ్వాను.

మూడోరోజు గుడివాడ నుంచి పెదనాన్న సంచీతో దిగాడు. "రెండ్రోజులుగా ఎప్పుడు చేసినా ఎంగేజే! ఏమైందోనని బస్సెక్కేశా." అమ్మ ఆ రాత్రి కథ చెప్పి కాఫీ తెచ్చేలోపు టింగ్ మంది. పక్కనే కూర్చున్న పెదనాన్న ఎత్తి, శ్రద్ధగా విని, రిసీవర్ అమ్మకు చాపాడు.

"నీకేనమ్మాయ్, మీ అన్నయ్య. పాపం, గొంతు ఇంకా తగ్గినట్టు లేదు."